ఇరవై నెలల పాపతో వరంగల్ చుట్టుపక్కల నడక: చెరువు కట్టతో మొదలుపెట్టండి

మీరడిగింది క్లుప్తంగా ఇది: హైదరాబాద్ నుంచి హనుమకొండకు మారారు. పాపకు ఇరవై నెలలు, నడక వచ్చింది గానీ చెప్పిన దిక్కుకు నడవదు. ఆదివారం పూట ఊరి బయట ఎక్కడైనా తిప్పాలి, గుట్టలెక్కే పని ఉండకూడదు. స్ట్రాలర్ పోతుందా, మోకాళ్ళ నొప్పులున్న అత్తమ్మ కూడా రాగలరా, ఎండ, పురుగూ పుట్రా సంగతేమిటి? నేను చాలా ఏళ్ళు చిన్నపిల్లల బడి నడిపాను. మొదట మా పిల్లల్ని, తర్వాత బడి పిల్లల్ని, ఇప్పుడు మనవడిని వెంటేసుకుని ఈ చుట్టుపక్కల తిరుగుతున్నదాన్ని. అందుకే కాస్త వివరంగానే చెప్తాను.

ముందు దూరం గురించి. మనం ఏడెనిమిది నిమిషాల్లో దాటే అర కిలోమీటరు ఈ వయసు పిల్లకు గంట పని. చీమల బారు కనిపిస్తే అక్కడే కూలబడుతుంది. ఒక రాయి ఏరి మీ చేతిలో పెడుతుంది, ఇంకోటి పెడుతుంది, మళ్ళీ మొదటిదే కావాలంటుంది. ఏడాది దాటిన పిల్లలు రోజంతటిలో కనీసం 180 నిమిషాలు ఏదో ఒక రకంగా కదులుతూ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఆ మాట చూసి మూడు గంటలు నడిపించాలేమో అని టెన్షన్ పడొద్దు. ఇంట్లో గిన్నెలు బోర్లించడం, మంచమెక్కి దూకడం కూడా ఆ లెక్కలోకే వస్తాయి. నేను పాటించే పద్ధతి ఒక్కటే. పోయేటప్పుడు నడిచిన పిల్ల వచ్చేటప్పుడు చంకెక్కుతుంది. ఈ వయసులో పది, పదకొండు కిలోల బరువుంటుంది. అంత బరువు ఎత్తుకుని మీరు ఎంత దూరం వెనక్కి రాగలరో అంతే దూరం ముందుకు పోండి. పిల్ల ఇంకా హుషారుగా ఉన్నప్పుడే తిరుగుముఖం పట్టండి. ఏడుపు మొదలయ్యాక ఎంత చిన్న దారైనా పొడుగే.

ఇక చోటు. చిన్నపిల్లల నడకకు మన దగ్గర చెరువు కట్టను మించింది లేదు. కాకతీయుల కాలం నుంచీ ఈ నేలంతా గొలుసుకట్టు చెరువులే. పై చెరువు నిండి మత్తడి (మిగులు నీళ్ళు పొర్లిపోయే రాతి కట్టడం) పోస్తే ఆ నీళ్ళు కింది చెరువుకు చేరతాయి. అందుకే ఏ ఊరికి పోయినా ఒక కట్ట దొరుకుతుంది. 2015లో మొదలైన మిషన్ కాకతీయ అనే ప్రభుత్వ చెరువుల బాగు పథకం కింద చాలా కట్టలకు మట్టి పోసి వెడల్పు చేశారు, కొన్నింటి మీదికి కారు కూడా పోతుంది. కట్ట మీద ఎత్తుపల్లాలుండవు, దారి తప్పే భయం ఉండదు, వెనక్కి తిరిగి చూస్తే మన బండి కనిపిస్తూనే ఉంటుంది. చుట్టూ కింద పొలాలు, పైన గాలి. పిల్లకు కావలసిన తమాషా అంతా అక్కడే ఉంటుంది: ముక్కులు మాత్రం పైకి పెట్టి నీళ్ళలో పడుకున్న బర్రెలు, తెల్ల కొంగలు, బుడుంగున మునిగి ఎక్కడో తేలే నీటికోళ్ళు, తీగ మీద నుంచి నీళ్ళలోకి దూకే లకుముకి పిట్ట, వలలు ఆరేసుకునే జాలర్లు. కట్ట మీద మైసమ్మ గుడి ఉంటే గంట ఉంటుంది. ఆ గంట కొట్టించకుండా మా మనవడు ఒక్క అడుగు ముందుకు వేయడు.

కట్ట మీద జాగ్రత్తలు కూడా చెప్పాలి, ఇక్కడ పొరపాటుకు తావు లేదు. నీళ్ళ వైపు ఎప్పుడూ పెద్దవాళ్ళే నడవాలి, పిల్ల వాళ్ళకు లోపలి పక్కన. ఇద్దరు పెద్దవాళ్ళుంటే పిల్ల మధ్యలో. నీళ్ళ వైపు వాలుగా పేర్చిన రాళ్ళు కదులుతుంటాయి, ఆ సందుల్లో తేళ్ళు, పాములు చల్లదనానికి చేరతాయి. ఎంత ముద్దుగా అడిగినా ఆ రాళ్ళ మీదికి దింపొద్దు. తూము దగ్గర నీళ్ళు లోతుగా ఉంటాయి, అక్కడ ఆగి ఫోటోలు తీసుకునే పని పెట్టుకోవద్దు. వానాకాలంలో చెరువు నిండితే మత్తడి దుంకుతోందని ఊరు ఊరంతా చూడ్డానికి పోతుంది. చూడాల్సిందే, కానీ చంకనెత్తుకుని, దూరంగా రోడ్డు మీద నుంచి. మత్తడి రాళ్ళ మీద నాచు పెద్దవాళ్ళనే పడేస్తుంది. ఇంకో సంగతి, కట్ట అంటే రైతులకు రోడ్డే. బైకులు, ట్రాక్టర్లు వస్తూ పోతూ ఉంటాయి. చప్పుడు వినగానే ఎత్తుకోండి.

మొదట్లో ఊళ్ళకు పోకుండా టౌన్లోనే అలవాటు చేయండి. వడ్డేపల్లి చెరువు కట్ట మీద పొద్దున వాకింగ్ చేసేవాళ్ళు చాలామంది ఉంటారు, తోడుగా ఉంటుంది. భద్రకాళి చెరువు కట్టను చదునుగా తీర్చారు, మీ స్ట్రాలర్ నిజంగా పనికొచ్చే చోటు అదొక్కటే అనుకోండి. ఆ తర్వాత ధర్మసాగర్ వైపో, నర్సంపేట రోడ్డు వైపో బండి తీయండి. ఏదో ఒక ఊళ్ళో చాయ్ హోటల్ దగ్గర ఆపి "కట్ట మీదికి తొవ్వ ఎటు?" అని అడగండి. ఆ ప్రశ్నకు సమాధానం చెప్పని మనిషి ఇటు దిక్కు లేడు. పైగా "పాపను ఎండకు తేకుండ్రి" అని ఓ సలహా కూడా ఉచితంగా దొరుకుతుంది. కరీంనగర్ వైపు పోయే పనుంటే మానేరు డ్యాం కట్ట కూడా ఇలాంటిదే, కాకపోతే మరీ పొడుగు. అటు చివరిదాకా పోదామన్న ఆశ పెట్టుకోకండి.

చెరువుల తర్వాత నా ఓటు ఖిలా వరంగల్‌కు. కోట అనగానే మెట్లు, బురుజులు అనుకుంటారు గానీ, నాలుగు కీర్తి తోరణాలు (రాతి ద్వారాలు) ఉన్న మధ్య భాగం అంతా చదును నేల. కూలిన స్వయంభూ శివాలయం రాళ్ళు, ఏనుగులు, సింహాలు, హంసలు చెక్కిన ముక్కలు నేల మీదే పరిచి ఉంటాయి. పెద్ద గుడిలో శిల్పం చూపించాలంటే పిల్లను ఎత్తుకోవాలి, ఇక్కడ శిల్పమే పిల్ల ఎత్తుకు దిగి వచ్చింది. తాకి, తట్టి, "ఇదేంటి?" అని అడిగి ముందుకు పోతుంది. రాళ్ళ మీదికి ఎక్కనివ్వకండి, వాటికీ మంచిది కాదు, మోకాలికీ మంచిది కాదు. ఇది పురావస్తు శాఖ టికెట్ ఉన్న చోటు, 15 ఏళ్ళ లోపు పిల్లలకు టికెట్ లేదు. పక్కనే ఖుష్ మహల్ అనే పాత దర్బారు హాలు ఉంది, లోపల నీడగా, చల్లగా ఉంటుంది, పిల్ల అరిస్తే ప్రతిధ్వని వస్తుంది, అదో ఆట. ఏకశిల గుట్ట మెట్లు ఈ వయసుకు వద్దు, కింద నుంచి చూస్తే చాలు. రాతి గోడకూ, బయటి మట్టి కోటకూ మధ్య ఇప్పటికీ ఇళ్ళు, పొలాలు ఉన్నాయి. ఆ దారుల్లో పొద్దున పూట మేకలు, కోళ్ళు, దూడలు. నిజం చెప్పాలంటే పిల్లలకు తోరణాల కంటే అవే ఎక్కువ నచ్చుతాయి. రాతి గోడ వెంబడి అగడ్త ఉన్న వైపు మాత్రం చెయ్యి వదలొద్దు.

రామప్ప గురించి అడగకపోయినా చెప్తాను, ఎందుకంటే ఎవరో ఒకరు మిమ్మల్ని అక్కడికే తీసుకుపోతారు. హనుమకొండ నుంచి డెబ్బై కిలోమీటర్ల లోపే, ములుగు దాటాక పాలంపేట. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. నీళ్ళలో తేలేంత తేలికైన ఇటుకలు, ఇసుక మీద వేసిన పునాది, ఇవన్నీ మీకు. పాపకు మాత్రం గుడి గోడ వెంట చుట్టూతా వరుసగా సాగే ఏనుగులు. వాటి వెంట ఒక చుట్టు తిరిగితే ఆ రోజుకు నడక అయిపోయినట్టే. తర్వాత మండపానికి ఎదురుగా ఉన్న నందిని చూపించండి. గుడి లోపలికి చెప్పులు వదలాలి కదా, పది దాటితే బండలు కాలతాయి. మనకు చురుక్కుమంటుంది, పిల్ల పాదాలకు బొబ్బలే. సాక్సులు వేసి తిప్పండి లేదా తొమ్మిదింటి లోపు గుడి చూడ్డం ముగించండి. దగ్గర్లోనే రామప్ప చెరువు ఉంది, ఎండ తగ్గాక కట్ట మీద కాసేపు. రెండు పూటలకూ సరిపోయే ట్రిప్పు ఇది, మధ్యాహ్నం నిద్ర కారులోనో, చెట్టు కిందో.

పాఖాల నాకు చాలా ఇష్టం. గణపతిదేవుడి కాలం నాటి చెరువు, నర్సంపేట దాటి అడవిలోకి పోవాలి, వరంగల్ నుంచి సుమారు యాభై కిలోమీటర్లు. గుట్టల మధ్య కట్ట, చెట్ల నీడ, ఊళ్ళ చప్పుడు ఉండదు. అయితే అది అభయారణ్యం, చెరువులో మొసళ్ళున్నాయి. నీళ్ళ అంచుకు దిగే ప్రసక్తే లేదు, చీకటి పడకముందే బయటపడాలి. లక్నవరం చెరువు గురించి నా అభిప్రాయం కొంచెం వేరు. వేలాడే వంతెన అందంగానే ఉంటుంది, కానీ ఆదివారం జనం తోసుకుంటూ నడుస్తుంటే వంతెన ఊగుతుంది. కొందరు పిల్లలు కేరింతలు కొడతారు, కొందరు గొంతు చించుకుని ఏడుస్తారు. మీ పాప ఏ రకమో మీకే తెలియాలి. మామూలు రోజు సెలవు దొరికితేనే పోండి. బొగత జలపాతం, పాండవుల గుట్టలు, మడికొండ మెట్టుగుట్ట పాపకు ఐదారేళ్ళు వచ్చాక చూసుకోవచ్చు.

ఇప్పుడు పొలాల సంగతి, నాకు ఎక్కువ భయం ఇక్కడే. చెరువు కట్ట దిగి చేన్ల మధ్య నడవాలని ఎవరికైనా అనిపిస్తుంది. అడుగు పెట్టే ముందు రైతును అడగండి, ఊరికే మర్యాద కోసం కాదు, ఎక్కడ ఏముందో వాళ్ళకే తెలుసు. మన దగ్గర వ్యవసాయ బావులు పెద్దవి, చాలా వాటికి చుట్టూ గోడ ఉండదు, వానాకాలం గడ్డి పెరిగితే అంచు కనపడదు. బావి ఉన్న చెలకలో (మెట్ట చేనులో) పిల్లను కిందికి దింపొద్దు, అంతే. మోటారు స్టార్టర్ డబ్బాల దగ్గర, నేల మీద పడి ఉన్న సర్వీసు వైర్ల దగ్గర కూడా అదే మాట. ఇటు పత్తి ఎక్కువ కదా, ఆగస్టు నుంచి నవంబరు దాకా మందు కొడుతూనే ఉంటారు. ముక్కుకు వాసన తగిలితే వెనక్కి రండి. గట్ల మీద ఖాళీ మందు డబ్బాలు పడి ఉంటాయి, రంగురంగుల మూతలు పిల్లల్ని పిలుస్తాయి. ఫిబ్రవరి, మార్చిలో మిర్చి కల్లాలు. ఎర్రగా కుప్పలు చూసి పరుగెత్తని పిల్ల ఉండదు. ఒక్క కాయ ముట్టుకుని కళ్ళు నలుపుకుందా, ఆ రోజుకు సరదా ముగిసినట్టే. వడ్లు ఆరబోసిన చోట కాళ్ళతో తొక్కడం వాళ్ళకు ఇష్టమే గానీ ఆ నూగుకు ఒళ్ళంతా దురద.

ఈ వయసులో చేతికి దొరికింది ప్రతిదీ నోటికే పోతుంది. అందుకని నాలుగు మొక్కలు మీరు ముందే గుర్తుపట్టడం నేర్చుకోండి: గన్నేరు, ఉమ్మెత్త, అడవి ఆముదం, గురివింద. ఎర్రగా నల్లమచ్చతో ఉండే గురివింద గింజ చూడ్డానికి ఎంత బాగుంటుందో, నమిలితే అంత విషం. అడవి దారుల్లో చలికాలంలో కంచెల మీద గోధుమరంగు నూగుతో వేలాడే కాయలు దురదగొండివి, వాటి కిందుగా కూడా పోవద్దు. పల్లేరు కాయలు, తుమ్మ ముళ్ళు అరికాలికి. కాబట్టి మడమ పట్టు ఉన్న, గట్టి అడుగున్న బూట్లు వేయండి, చప్పుడు చేసే బూట్లు వద్దు, పిట్టలన్నీ లేచిపోతాయి.

కాలం గురించి చెప్పాలంటే నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా హాయి. డిసెంబరు, జనవరిలో మరీ తెల్లవారుజామున పొగమంచులో పోవద్దు, ఎండ కాస్త పొడిచాక బయల్దేరితే పిల్లకు జలుబు గొడవ ఉండదు. ఆ రోజుల్లో రేగుపండ్లు దొరుకుతాయి, గింజ తీసి గుజ్జు మాత్రమే పెట్టండి. ఫిబ్రవరి చివర, మార్చిలో ములుగు రోడ్డు వెంట మోదుగ చెట్లు ఆకు రాల్చి నిండా పూస్తాయి. రాలిన పూలు ఏరి జేబులో వేసుకోవడం ఒక్కటే చాలు, అరగంట గడిచిపోతుంది. ఏప్రిల్, మేలో పొద్దున ఏడున్నరకల్లా ఇంటికి చేరాలి, సాయంత్రం నడక మానేయండి, కట్ట మట్టి రాత్రిదాకా సెగలు కక్కుతూనే ఉంటుంది. జూన్‌లో మొదటి వానలు పడ్డాక ఎర్రమట్టి చెలకల్లో ఆరుద్ర పురుగులు బయటికొస్తాయి, ఎర్ర మఖ్మల్ బట్ట చుట్టుకున్నట్టు. ఏడాదిలో కొద్ది రోజులే కనిపిస్తాయి, తప్పకుండా చూపించండి. ఆకు మీద ఎక్కించుకుని చూపించి మళ్ళీ నేల మీదే వదిలేయండి, పిల్ల చేతిలో పెడితే ఎక్కడికి పోతుందో తెలుసు కదా. బతుకమ్మ ముందు తంగేడు, గునుగు కోసేవాళ్ళ వెంట చెలకల్లో తిరగడం కూడా బాగుంటుంది. అప్పటికి గడ్డి ఏపుగా ఉంటుంది కాబట్టి నడిచే బాట వదలొద్దు.

స్ట్రాలర్ విషయం పైన చెప్పేశాను, భద్రకాళి కట్ట దాటితే అది డిక్కీలోనే ఉంటుంది. దాని బదులు ముందుకో, వీపుకో కట్టుకునే మెత్తటి క్యారియర్ ఒకటి కొనండి. లేదంటే పాత నూలు చీరతో నడుముకు కట్టుకోవడం మీ అత్తమ్మకు వచ్చే ఉంటుంది, అడిగి నేర్చుకోండి. నిండు చేతుల లేత రంగు నూలు బట్టలు, అంచున్న టోపీ. దోమల మందు రాస్తే పిల్ల అరచేతులకు, వేళ్ళకు రాయొద్దు. తినడానికి ఇడ్లీ, అరటిపండు, మురమురాలు చాలు. పల్లీలు, పుట్నాలు, మక్క పేలాలు నడుస్తూ పరుగెత్తే పిల్లకు పెట్టొద్దు, గొంతులో పడతాయి. ఆ అరటిపండు ప్లాస్టిక్ కవర్లో పట్టుకుని గుళ్ళ దగ్గర దిగారా, కోతుల దండు మీ మీదే. తిండి అంతా బ్యాగులో పెట్టి జిప్పు వేయండి, తినేది కారులో కూర్చుని. కోతి గానీ కుక్క గానీ గీరినా సరే, సబ్బుతో ధారగా నీళ్ళ కింద పదిహేను నిమిషాలు కడిగి అదే రోజు ఆస్పత్రికి పోయి టీకా వేయించాలి. పాము కాటు అయితే గట్టిగా తాడు కట్టడం, కోయడం, పసరు పోయడం ఏదీ వద్దు. పిల్లను కదలకుండా ఎత్తుకుని 108కి ఫోన్ చేయండి, వరంగల్‌లో ఎంజీఎం ప్రభుత్వ ఆస్పత్రి ఉంది. ఇవి చదివి భయపడి ఇంట్లో కూర్చోవద్దు. పొద్దు వెలుగులో, కనిపించే బాట మీద నడిచేవాళ్ళకు పాము దాదాపుగా ఎదురుపడదు, మన అడుగుల అదురుకే పక్కకు తప్పుకుంటుంది.

మట్టి ముట్టుకుంటుందని, బట్టలు పాడవుతాయని వెనకాడకండి. మట్టిలో ఆడనివ్వండి, తినేముందు సబ్బుతో చేతులు కడగండి. నులిపురుగుల మాత్రలు అంగన్‌వాడీల్లో ఏడాది దాటిన పిల్లలకు ఉచితంగా వేస్తారు, ఆ రోజు తప్పించుకోవద్దు. ఇంటికి రాగానే స్నానం చేయించి చెవుల వెనక, చంకల్లో, తొడల మడతల్లో ఒకసారి చూడండి, పశువులు తిరిగే చోట పిడుదులు పట్టే అవకాశం ఉంది.

ఇక అత్తమ్మ గారు. నన్నడిగితే ఆవిడను తప్పకుండా తీసుకుపోండి, పాప వేగం, ఆవిడ వేగం దాదాపు ఒకటే. పైగా ఏ చెట్టు ఏదో, ఏ పిట్ట పేరేమిటో మీకంటే ఆవిడకే ఎక్కువ తెలిసుంటుంది. మడిచే స్టూలు ఒకటి డిక్కీలో వేసుకోండి, ఎక్కడ నీడ ఉంటే అక్కడ కూర్చుంటారు. కోటలో మధ్య భాగం ఆవిడకు ఇబ్బంది లేదు. రామప్పలో మండపం మెట్లు కాస్త ఎత్తు, కావాలంటే కింద నుంచే దండం పెట్టుకోవచ్చు. ఊరి చెరువైతే కట్ట మీదికి ర్యాంపు ఉన్నదాన్ని ఎంచుకోండి, కారు పైదాకా పోతుంది. వాన పడ్డ మర్నాడు మాత్రం కారు కిందే ఆపండి. కొత్త మట్టి పోసిన కట్టల మీద టైర్లు దిగబడితే ట్రాక్టర్ పిలవాల్సి వస్తుంది.